రెండో గూడు

మఖమల్ పిన్నిని చూసినవాళ్లు ముందు ఆవిడ కనుబొమల వైపు చూస్తారు. అవి ఒకరోజు నీలంగా, ఒకరోజు ఆకుపచ్చగా, ఒక్కోసారి ముదురెరుపుగా ఉంటాయి. రంగేసుకుంటుందేమో అనుకునేరు, అంత షోకు ఆవిడకి లేదు. రోజంతా మఖమల్ గుడ్డ కత్తిరిస్తూ కూర్చునే మనిషి కాబట్టి ఆ గుడ్డ నూగు లేచి కనుబొమల్లో, జుట్టులో, బట్టల మడతల్లో చేరుతుంది. సాయంత్రం ఇల్లు చేరగానే, సిటీ బస్సు నడిపే ఇంటాయన ఆవిడ ముఖం చూసి "ఇవాళ పచ్చ పెట్టెలన్నమాట" అంటాడు. పాతికేళ్లు కాపురం చేసిన మొగుడు పెళ్లాన్ని పలకరించే పద్ధతి ఇదేనా అని మనకనిపించొచ్చు గానీ, ఆవిడ ఆ మాట కోసమే ఎదురుచూస్తుంది. ఏ రోజైనా ఆయన మర్చిపోతే ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యదు.

ఆవిడ పనిచేసేది నగలపెట్టెలు తయారుచేసే చిన్న కార్ఖానాలో. కింద సైకిళ్ల కొట్టు, పైన కార్ఖానా. ఇరుకు మెట్లెక్కి వెళ్తే వరసగా మూడు గదులు. మొదటి గదిలో వడ్రంగి చెక్క కోసి పెట్టె డొల్లలు చేస్తాడు. రెండో గదిలో యజమాని మడతబందులూ కొక్కేలూ బిగిస్తాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు, ఆయన వయసుకి ఆ మాట కొంచెం ఎక్కువే. మూడోది మఖమల్ గది. దాని కిటికీలు ఎప్పుడూ తెరవరు. దుమ్ము పడితే గుడ్డ పాడవుతుంది, గాలి వస్తే నూగు లేచి జిగురు మీద పడుతుంది. అద్దాల్లోంచి ఎండ మాత్రం లోపలికొస్తుంది. ఆ ఎండలో నూగు తీరిగ్గా పైకీ కిందకీ తిరుగుతూ ఉంటుంది. గోడల పొడవునా మఖమల్ తానులు నిలబెట్టి ఉండడం వల్ల బయటి చప్పుడు ఆ గదిలోకి వచ్చేసరికి సగం అరిగిపోతుంది. కింద సైకిల్ గంట మోగినా ఎక్కడో పక్క ఊళ్లో మోగినట్టు ఉంటుంది. అలాంటి చోట కూర్చుంటే ఎవరికైనా మెలకువలోనే కలలొస్తాయి. పిన్నికి మరీనూ.

పెట్టె అడుగున దూది పరుపు, దాని మీద మఖమల్, మధ్యలో నగ కూర్చునే పల్లం. ఆ పల్లాన్ని వాళ్లు గూడు అంటారు. గూడు చెయ్యడానికి అసలు నగ కార్ఖానాకి రాదు. బంగారాన్ని ఆ ఇరుకు మెట్ల మీదుగా మోసుకొచ్చే ధైర్యం ఏ కొట్టువాళ్లకీ లేదు. కొట్టు గుమాస్తా కాగితం మీద గీసిన కొలత తెచ్చిస్తాడు. దాన్నిబట్టి వడ్రంగి చెక్కతో ఒక బొమ్మ నగ చెక్కుతాడు. దాని పేరు ఉత్తుత్తి నగ. ఆవిరి పట్టిన మఖమల్ మీద ఉత్తుత్తి నగ పెట్టి, పైన ఇసుక సంచి ఉంచి, ఒక పూట వదిలేస్తే గుడ్డకి ఆ ఆకారం అలవాటవుతుంది. చెవి దుద్దులకైతే బొమ్మ ఒక్కటే చెక్కుతారు. దాన్నే తిరగేసి పక్కన రెండోసారి అద్దుతారు. ఆ తర్వాత మెత్తటి బ్రష్షుతో నూగు దువ్వాలి. అదే గుడ్డ ఒకవైపు దువ్వితే వెలుగుతుంది, ఇంకోవైపు దువ్వితే చీకటవుతుంది. గూడు చీకటిగా, చుట్టూ వెలుగ్గా ఉండేలా దువ్వడం పిన్ని ఒక్కదానికే తెలుసని పెద్దాయన అందరితోనూ అంటాడు, ఆవిడతో తప్ప.

పన్నెండేళ్లుగా ఎన్ని వేల గూళ్లు చేసిందో ఆవిడకే తెలీదు. పెట్టెలు ఖాళీగా వెళ్తాయి, కొట్లో నిండుతాయి, ఎవరిళ్లకో వెళ్లిపోతాయి. మిగతాదంతా పిన్నే ఊహించుకోవాలి. ఊహించుకోమంటే ఆవిడకి పండగే. వెడల్పాటి గాజుల గూడు చేస్తుంటే బొద్దుచేతుల మనిషి ఒకావిడ వచ్చి ఎదురుగా కూర్చుని, నవ్వినప్పుడల్లా గాజులు కదిలిస్తుంది. చిన్న ఉంగరం గూడైతే ఎవరో పిల్ల అద్దం ముందు నిలబడి చెయ్యి అటూ ఇటూ తిప్పుకుంటూ ఉంటుంది. పొడవు హారం వేసుకునే మనిషి మెడ ఎత్తి నడుస్తుంది గానీ లోపల్లోపల ఒట్టి భయస్తురాలు. పిన్ని వాళ్లతో మాట్లాడుతుంది, వాళ్ల చేత మాట్లాడిస్తుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. పెద్దాయన గుమ్మంలో నిలబడి రెండుసార్లు పిలిచినా వినపడదు. మూడోసారి పిలిస్తే ఉలిక్కిపడి "ఆ, ఆవిడ ఇప్పుడే వెళ్లింది" అంటుంది. ఏ ఆవిడ అని అడగడం ఆయన ఎప్పుడో మానుకున్నాడు.

ఇంత పరధ్యానపు మనిషి ఒక్క విషయంలో మాత్రం మహా కచ్చితం. పెట్టెలు బండెక్కే ముందు ఒక్కొక్క మూత తెరిచి, ప్రతి గూటిలోనూ చూపుడువేలు పెట్టి చుట్టూ తిప్పి, ఏమీ లేదని తేలాకే మూస్తుంది. యాభై పెట్టెలైనా అంతే, రెండొందలైనా అంతే. కింద బండివాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోతాడు. "నీ పెట్టెల్లో దయ్యాలేమైనా దాక్కున్నాయా పిన్నీ" అని వడ్రంగి వేళాకోళం చేస్తాడు. పనంటే ఎంత శ్రద్ధో అని పెద్దాయన మురిసిపోతాడు. ఆయన్ని మురవనిద్దాం గానీ, అసలు సంగతి వేరు.

పిన్నికి ఒక చెల్లెలుంది, నాలుగేళ్లు చిన్నది. వాళ్లమ్మకి నగా నట్రా అంటూ ఉన్నది ఎర్రరాళ్ల దుద్దుల జత ఒక్కటే. నడుమ ఒక రాయి, చుట్టూ ఆరు రేకులు. ఎడమ చెవి దుద్దుకి ఒక రేకు వంకరపోయి ఉండేది. పళ్లొస్తున్న వయసులో చెల్లెలు అమ్మ చంకనెక్కి దాన్ని కొరికేసింది. అమ్మ ఆ రేకు బాగుచేయించుకోలేదు సరికదా, వచ్చినవాళ్లకల్లా చూపించి "మా చిన్నదాని మొదటి పన్ను గుర్తు" అని చెప్పుకుని నవ్వేది. ఆ కథ వినీ వినీ పెద్దదానికి ఒళ్లు మండేది. తన పన్ను గుర్తు దేని మీదా లేదు మరి.

అమ్మ పోయాక ఆ జత ఎవరికన్న మాట వచ్చింది. "విడదీయొద్దక్కా, ఆర్నెల్లు నీ దగ్గర, ఆర్నెల్లు నా దగ్గర ఉంచుకుందాం" అంది చెల్లెలు. సబబైన మాటే. కానీ ఆ రోజు అక్క మొండికేసింది. "నాది నా దగ్గరుండాలి. కొరికింది నువ్వు తీసుకో, బాగున్నది నాకివ్వు" అంది. చెల్లెలు మారుమాట్లాడకుండా వంకర రేకుది తీసుకుని వెళ్లిపోయింది. జత విడిపోయాక ఆ దుద్దులు ఇద్దరిలో ఎవరూ పెట్టుకోవడానికి లేదు. ఆ సంగతి తెలిసే పిన్ని ఆ మాట అంది, అన్న దగ్గర్నుంచీ సిగ్గుపడుతూనే ఉంది. సిగ్గుపడ్డ మనిషి వెళ్లి ఒక మంచి మాట చెప్పొచ్చుగా. రేపు చెబుదాంలే అనుకుంది. మనుషుల్లో ఇలాంటి తెలివితక్కువతనం ఒకటుంటుంది.

ఆ రేపు రాకముందే ఇంకోటి జరిగింది. అప్పటికి ఆవిడ కార్ఖానాలో చేరి ఏడాది కూడా కాలేదు. దుద్దు శీల వదులైందని, సాయంత్రం కంసాలి దగ్గర బిగించుకోవచ్చని రుమాల్లో కట్టి పనికి తెచ్చుకుంది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి దిగారు. బల్ల మీద హారాల కోసం చేసిన ఇరవైనాలుగు ఆకుపచ్చ పెట్టెలు మూతలు తెరుచుకుని ఎండలో ఆరుతున్నాయి. తను చేసిన గూటిలో అసలు నగ ఉంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. రుమాలు విప్పి, ఒక పెట్టెలో, హారం పతకం కూర్చునే చోట దుద్దు పెట్టింది. ఆకుపచ్చ మీద ఎరుపు. చుట్టూ మఖమల్ చీకటై, రాళ్లు లోపలెక్కణ్నుంచో వెలుగు తెచ్చుకుంటున్నట్టు కనిపించాయి. అమ్మ చెవికి ఉన్నప్పుడు కూడా అంత అందంగా లేవు. పిన్ని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. అంతలో వెనక వరండాలో ఆవిరి కెటిల్ పొంగి పొయ్యి ఆరిపోయింది. పరిగెత్తింది. నీళ్లు తుడిచి, పొయ్యి మళ్లీ వెలిగించి వచ్చేసరికి బల్ల ఖాళీ. బండి ముందే వచ్చిందని పెద్దాయనా వడ్రంగీ కలిసి టకటకా మూతలు మూసి, కట్టలు కట్టి పంపించేశారు.

ఆవిడ రెండు వీధులు పరిగెత్తింది, బండి కనబడలేదు. మర్నాడు కొట్టు గుమాస్తా వస్తే పట్టుకుని "నిన్నటి పెట్టెల్లో ఏమైనా దొరికిందా" అని అడిగింది. "ఏం దొరకాలి?" అన్నాడు. కొత్తగా చేరిన మనిషి, గిరాకీ పెట్టెలో సొంత నగ పెట్టుకుని ఆడుకుందంటే ఉద్యోగం ఉంటుందా? పిన్ని "సూది" అంది. దొరకలేదన్నాడాయన. ఆ పెట్టెలు అప్పటికే నాలుగు ఊళ్ల కొట్లకి వెళ్లిపోయాయని కూడా ఆయనే చెప్పాడు. ఇంటాయనకి సైతం ఆవిడ ఈ ముక్క చెప్పలేదు. దుద్దు బీరువా అడుగున భద్రంగా ఉందనే ఇప్పటికీ ఆయన నమ్మకం.

అప్పట్నుంచీ ఆ ఇరవైనాలుగు పెట్టెలూ ఆవిడ కళ్లముందు తెరుచుకుంటూనే ఉన్నాయి. ఒక్కో రోజు ఒక్కో పెట్టె. ఒకదాన్ని ఎవరో ముసలాయన వణికే చేతులతో తెరిచి భార్యకి చూపిస్తాడు. హారంతో పాటు ఇంకేదో ఉందే అని ఇద్దరూ కళ్లజోళ్లు వెతుక్కుంటారు. ఇంకోదాన్ని తెరిచినావిడ దుద్దు చూసి, ఎవరికీ చెప్పకుండా పిడికిట్లో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తుంది. మరొక ఇంట్లో పెట్టె తెరుచుకునేసరికి గది నిండా సముద్రం మీది వెలుగు పరుచుకుని ఉంటుంది, పక్కగదిలో ఎవరో కూనిరాగం తీస్తుంటారు, దుద్దు ఉన్న సంగతి ఎవరూ గమనించరు. ఆ ఇల్లంటే పిన్నికి చాలా ఇష్టం. ఎవరూ గమనించకపోతే అది అక్కడే ఉంటుంది కదా. ఆ ఇంటి మెట్లెన్నో, తలుపు రంగేదో కూడా ఆవిడకి తెలుసు. బస్సెక్కితే ఆడవాళ్ల చెవులే చూస్తుంది. "అలా చూడకే, దొంగవనుకుంటారు" అని ఇంటాయన గొణుగుతాడు.

కలల్లో ఎంత దూరం తిరిగొచ్చినా ఒక్క భయం మాత్రం ఆవిడ్ని వదల్లేదు. "అక్కా, ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామా" అని చెల్లెలు అడిగితే? మొండికేసి విడదీయించిన మనిషే పోగొట్టిందని తెలిస్తే చెల్లెలు ఇక జన్మలో తన ముఖం చూడదు. అందుకని తప్పించుకు తిరిగింది. చుట్టాలిళ్లలో ఎదురుపడితే "బాగున్నావా" అంటే "బాగున్నా", అంతటితో సరి. అక్కకి ఇంకా కోపం పోలేదని చెల్లెలు అనుకుంది. అలా అనుకుంటోందని అక్కకీ తెలుసు. నిజం కంటే కోపమే నయమని ఊరుకుంది. అలా పదకొండేళ్లు గడిచాయి. ఇద్దరి ఇళ్ల మధ్యా బస్సులో అరగంట దూరం.

ఇదీ పరిస్థితి. ఒకరోజు గుమాస్తా వచ్చి మామూలు కొలతల కాగితాలతో పాటు ఇంకోటి విడిగా ఇచ్చాడు.

"ఇదొకటి వింత బేరం పిన్నీ. ఎవరో ఆవిడ ఒక్క దుద్దుకే పెట్టె కావాలంటోంది. మూతకి అద్దం ఉండాలంట, మూసినా లోపలిది కనబడేలా, ఎదురుగా పెట్టుకుని చూసుకోవడానికి. రెండోది పోగొట్టుకుందేమో పాపం."

పిన్ని కాగితం అందుకుంది. దుద్దుని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసిన గీత. ఆరు రేకులు. ఎడమవైపు కిందది లోపలికి వంగి ఉంది. ఆవిడ ఆ వంపు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. గుమాస్తా ఇంకేవేవో చెబుతున్నాడు గానీ ఒక్క మాటా చెవికెక్కలేదు.

ఆ వారమంతా ఆవిడ ఆవిడలో లేదు. చెల్లెలికి పెట్టె ఎందుకు? అమ్మేసే ఆలోచనైతే పెట్టె చేయించదు. కూతురికిద్దామనుకుంటోందా? ఒంటి దుద్దు కూతురేం చేసుకుంటుంది? లేకపోతే పెట్టెలో పెట్టి తనకే పంపిద్దామనుకుంటోందా, ఇంక ఈ పంతం చాలు, రెండూ నువ్వే ఉంచుకో అని? ఈ మూడో ఊహ వచ్చినప్పుడల్లా కూర్చున్న చోటు నుంచి లేచి గది ఆ చివరిదాకా వెళ్లొచ్చేది. చెల్లెలు అంత మంచిదైతే తన గతేం కాను?

అయినా చేతులు పని మానలేదు. తానులన్నీ వెతికి ముదురాకుపచ్చ మఖమల్ తీసింది, ఎరుపు దాని మీద ఎలా ఉంటుందో ఆవిడకంటే ఎవరికి తెలుసు? వడ్రంగి వంకర రేకుతో సహా ఉత్తుత్తి దుద్దు చెక్కిచ్చాడు. "రేకు సరిచేసి చెక్కనా?" అని అడిగాడు. "వద్దు, అలాగే ఉండాలి" అని కసిరింది. పాపం, అతనేం తప్పన్నాడు.

గుడ్డకి ఆవిరి పట్టి దుద్దు అద్దిన రోజున మఖమల్ గదిలోకి అమ్మ వచ్చింది. కలలోనే అనుకోండి. తానుల మధ్య బల్ల చివర కూర్చుని, జడ విప్పుకుని, తల ఒకవైపు వంచి చిక్కు తీసుకుంటోంది. ఇటు వంచితే ఒక చెవి కనిపిస్తుంది, అటు వంచితే ఇంకోటి. రెండు చెవులకీ దుద్దులున్నాయి. ఎండ ఆవిడ భుజం దాటి బల్ల మీదికి పాకుతోంది. "నా పన్ను గుర్తు దేని మీదుందమ్మా?" అని అడిగింది పిన్ని. అమ్మ నవ్వి బ్లౌజు చెయ్యి పైకి జరిపి భుజం చూపించబోయింది. అక్కడేముందో చూసేలోపు పెద్దాయన పిలిచాడు.

మర్నాడు నూగు దువ్వింది. అద్దం మూత బిగించారు. బండి వచ్చే వేళకి ఎప్పట్లాగే గూళ్లలో వేలు తిప్పి, ఏమీ లేదని చూసుకుని పెట్టె మూసింది. గూళ్లలో అన్నాను గమనించారా? ఆవిడ గమనించలేదు.

మూడోనాడు గుమాస్తా ఆ పెట్టె పట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన వెనకాలే పెద్దాయన కూడా మఖమల్ గదిలోకి వచ్చాడు.

"ఆ ఒంటి దుద్దావిడ తీసుకోనందమ్మా. ఒకటడిగితే రెండు చేశారేంటని చాలా బాధపడింది. ఇది ఎవరు చేశారో వాళ్లతోనే మాట్లాడతానంటే ఇక్కడి అడ్రసు ఇచ్చాను. రేపు పొద్దున్నే వస్తుంది" అన్నాడు గుమాస్తా.

పిన్ని పెట్టె తెరిచింది. పక్కపక్కనే రెండు గూళ్లు. ఒకదాంట్లో వంకర రేకు ఎడమవైపు, రెండోదాంట్లో కుడివైపు. దువ్విన తీరు కూడా వేలెత్తి చూపడానికి లేదు. దుద్దు బొమ్మ ఎప్పుడు తిరగేసిందో, రెండోసారి ఎప్పుడు అద్దిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. దుద్దులంటే జత, జతంటే రెండు. పన్నెండేళ్లుగా నేర్చిన చేతులు వాటంతటవే చేసుకుపోయాయి.

"నీ చేత్తో ఇలాంటి పొరపాటు నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు పెద్దాయన. కోప్పడలేదు, అదే పిన్నికి ఎక్కువ బాధనిపించింది.

పొద్దున లేచి ఒంట్లో బాగాలేదని కబురు పంపిద్దామనుకుంది. నిజంగానే బాగాలేదు కూడా. అయినా వెళ్లింది. వెళ్లకపోతే ఇంకో పదకొండేళ్లు ఇలాగే గడుస్తాయని ఆవిడకి తెలుసు. మెట్ల మీద అడుగులు వినబడేదాకా ఒకే గుడ్డముక్కని దువ్వుతూ కూర్చుంది.

గుమ్మంలో చెల్లెలు ఆగిపోయింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం, చెవుల పక్కన తెల్లవెంట్రుకలు. చెవులకి ఏమీ లేవు.

"నువ్విక్కడా?" అంది.

"ఇక్కడే."

"ఏదో పెట్టెల పనిలో చేరావని విన్నాను. ఇదని తెలీదు." బల్ల మీదున్న పెట్టె వైపు చూసింది. "ఇది నువ్వు చేసిందేనా?"

"నేనే. చెయ్యి తప్పింది. దుద్దులంటే రెండేసి చేసే అలవాటు."

చెల్లెలు స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపు గదిలో తిరుగుతున్న నూగునే చూసింది. తర్వాత మెల్లిగా మొదలుపెట్టింది.

"ఇన్నాళ్లూ అగ్గిపెట్టెలో దూది మధ్య దాచాను. బయటికి తీస్తే ఎక్కడ పోతుందోనని తీసేదాన్ని కాదు. ఈ మధ్య నాకు అమ్మ ముఖం సరిగ్గా గుర్తు రావట్లేదు. చెవి గుర్తొస్తోంది, దుద్దు గుర్తొస్తోంది, ముఖం దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. దాన్ని ఎదురుగా పెట్టుకుంటే వస్తుందేమోనని ఈ పెట్టె చేయించాను. తీరా తెరిచి చూస్తే పక్కన ఖాళీ. ఎవరో కావాలని గుర్తుచేసినట్టనిపించింది. కొట్లోనే ఏడ్చేశాను."

"గుడ్డ మార్చేస్తాను. ఒక్క గూడే పెట్టి ఇస్తాను. రెండ్రోజులు పడుతుంది" అంది పిన్ని.

చెల్లెలు పెట్టె దగ్గరికి లాక్కుని మఖమల్ మీద వేలు జరిపింది. వేలు వెళ్లిన చోటల్లా గుడ్డ చీకటైంది. వెనక్కి జరిపితే మళ్లీ వెలుగొచ్చింది. చిన్నపిల్లలా రెండు మూడుసార్లు అలా చేసింది.

"మార్చొద్దులే. నువ్వు చేశావని తెలిశాక ఇంకెందుకు మార్చడం?" అంది. "నీది ఒకసారి తీసుకురా. ఒక్క పూట రెండూ ఇందులో పెడదాం, అమ్మ ముఖం వస్తుందేమో చూద్దాం. ఆ తర్వాత నీది నువ్వు తీసుకెళ్లిపో. నేనడగను, ఒట్టు."

పదకొండేళ్లుగా ఏ మాట వినకూడదని తప్పించుకు తిరిగిందో ఆ మాటే వచ్చి ఎదురుగా కూర్చుంది. రేపు తెస్తానని చెప్పేయొచ్చు. రేపటికి ఇంకో అబద్ధం దొరక్కపోదు, ఈ విద్యలో పిన్ని ఇప్పుడు బాగానే ఆరితేరింది. కానీ చెల్లెలు ఒట్టేసింది. అడగనని ఒట్టేసిన మనిషితో అబద్ధమాడడానికి నాలుక తిరగలేదు.

"నా దగ్గర లేదే" అంది.

"ఇంట్లో ఉంటే రేపు తే."

"ఇంట్లోనూ లేదు. ఎక్కడా లేదు. పోగొట్టాను."

ఇక ఆగకుండా చెప్పేసింది. వదులైన శీల, రుమాలు, మధ్యాహ్నపు ఎండ, పచ్చ పెట్టెలు, పొంగిన కెటిల్, రెండు వీధుల పరుగు, సూది అని ఆడిన అబద్ధం, అన్నీ. చెబుతున్నంతసేపూ చెల్లెలి ముఖంలోకి చూడలేదు. మొదటి గదిలో వడ్రంగి రంపం ఆగిపోయింది. వినాలనే ఆపాడు.

"ఎప్పుడు జరిగిందిది?" అంది చెల్లెలు.

"అమ్మ పోయిన ఏడే."

"మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది. విడదీయించింది నేను, పోగొట్టింది నేను. నువ్విక నా ముఖం చూడవనుకున్నాను."

"నేనేమో నీకు నా మీద కోపమనుకున్నాను."

"అనుకోనిచ్చాను. నాదే తప్పు. చాలా పెద్ద తప్పు చేశాను."

చెల్లెలు లేచి కిటికీ దాకా వెళ్లి, అద్దంలోంచి వీధిలోకి చూస్తూ నిలబడింది. కింద ఎవరో సైకిల్ చక్రం తిప్పి చూసుకుంటున్నారు. ఆ చక్రం ఆగేదాకా ఆవిడ కదల్లేదు. పిన్ని ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులకి ఆ వేళ మొదటిసారి చెయ్యడానికేమీ లేదు. ఇప్పుడు చెల్లెలు మెట్లు దిగి వెళ్లిపోతుంది, పోతే పోనీ, దాచడానికి ఇంకేమీ మిగల్లేదు అనుకుంది.

చెల్లెలు తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది. సంచిలోంచి అగ్గిపెట్టె తీసి, దూది విప్పి, దుద్దుని వంకర రేకు చూసుకుని మరీ దాని గూటిలో పెట్టింది. అది సరిగ్గా కూర్చుంది. పక్కన రెండో గూడు ఖాళీగా ఉంది. రెండింటినీ చాలాసేపు చూసింది.

"అప్పుడు పెట్టింది ఇలాంటి పెట్టెలోనేనా?" అని అడిగింది.

"హారాలది. ఇంకొంచెం పెద్దది."

"నువ్వు చేసిందేనా?"

"నేను చేసిందే."

"మూత గట్టిగా పడుతుందా?"

"పడుతుంది. కొక్కెం తీస్తే తప్ప రాదు."

"లోపల మెత్తగా ఉంటుందా, ఇంత మెత్తగానూ?"

"దీనికంటే మెత్తన. దూది రెండు వరసలు వేశాను."

చెల్లెలు అద్దం మూత దించి, కొక్కెం పెట్టి, పెట్టెని ఒళ్లోకి తీసుకుంది. బయట బండి వచ్చి ఆగిన చప్పుడైంది. హారన్ మోగింది, ఈ గదిలోంచి ఎవరూ లేవలేదు.

"అయితే ఎక్కడున్నా జాగ్రత్తగానే ఉంటుందిలే అక్కా" అంది.